ఒక్క సెకను మౌనం

తొమ్మిదింటికి కొత్త ఫోను లైను పెట్టించుకోవడం, పదింటికి తొకుదా గారితో మాట్లాడి చాపల ఒప్పందం పొడిగించుకోవడం, మధ్యాహ్నం కాల్చిన పాముచేపతో అన్నం తినడం. ఆ సోమవారం ఉదయం మిజోబె వేసుకున్న పథకం ఇంతే.

ఒసాకాలోని హిరోసె తాతామీ చాపల కంపెనీలో అమ్మకాలన్నీ అతనే చూస్తాడు. కనజావాలో తొకుదా అనే పెద్దావిడ నడిపే సత్రంలో, గదుల నేలంతా పరిచే ఆ గడ్డి చాపలను ఏటా మార్చేది వీళ్ళే. ఆ పని చేజారితే చలికాలమంతా పనివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. ఆవిడ బేరాలన్నీ ఫోనులోనే. కంపెనీ ఇంటర్నెట్ ఫోనుకు మారిన ఈ రెండేళ్ళూ మాట ఆగి ఆగి వెళ్ళేది. కొన్ని మాటలు అసలు వెళ్ళేవే కావు.

"ఇన్నాళ్ళూ మీ మాటలు ఊరందరి వీడియోలతో కలిసి ఒకే రోడ్డు మీద పోయేవి," అంది లైను బిగించడానికి వచ్చిన నిషిగుచి. "ఇక ఫోను కంపెనీ దాకా మీ ఒక్కరికే విడి దారి. ఎక్కడా ఆగవు."

"నువ్వు తీసుకున్న డబ్బుకి మాటలు పల్లకీలో వెళ్ళాలమ్మాయ్," అంది యజమానురాలు హిరోసె మేడమ్.

నిజంగానే పల్లకీలో వెళ్ళాయి. తొకుదా గారు గొంతు సవరించుకోవడం కూడా మిజోబె చెవిలోనే సవరించుకున్నట్టు వినిపించింది.

"ఈ ఏడు కూడా మీరే వేస్తారా, మిజోబె గారూ?"

"తప్పకుండా వేస్తామండీ."

"ధర కాస్త తగ్గుతుందా?"

"మాట్లాడుకుందామండీ."

"మీకు ఒంట్లో బాగానే ఉందా? ఎప్పుడూ ఆలోచించి మాట్లాడే మనిషి. ఇవాళ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు మాట్లాడుతున్నారు."

సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర గుమాస్తా మొరితా కరకరలాడే బియ్యపు బిళ్ళ కొరికాడు. పాత లైను అలాంటి చప్పుళ్ళను మింగేసేది. ఆ ధైర్యంతోనే హిరోసె మేడమ్ కూడా అలవాటుగా గుసగుసలాడింది.

"ఎంతకైనా సరే అనెయ్యవయ్యా. ఈ పని పోతే మునిగిపోతాం."

"మునిగిపోతున్నారా?" అంది తొకుదా గారు. "మునిగే కంపెనీకి పనప్పగించి, రేపు నా అతిథుల్ని వట్టి నేల మీద పడుకోబెట్టనా? కాసేపాగి మళ్ళీ చెయ్యండి. నేను ఆలోచించుకోవాలి."

ఫోను పెట్టేసింది.

"అంటే ఇన్నాళ్ళూ మన పెద్దరికమంతా ఆ లైను ఆలస్యంలోనే ఉందన్నమాట," అన్నాడు మొరితా నములుతూనే.

హిరోసె మేడమ్ నిషిగుచి వైపు తిరిగింది. "ఆ ఆలస్యం మళ్ళీ పెట్టెయ్యమ్మా."

"ఆలస్యం తీసెయ్యమనేవాళ్ళనే చూశాను మేడమ్. పెట్టమన్నది మీరొక్కరే. ఈ లైను పీకేస్తే వస్తుంది. డబ్బు మాత్రం వెనక్కి రాదు."

డబ్బు మాట వినగానే మేడమ్ మనసు మార్చుకుంది. ఆలస్యాన్ని చేత్తోనే తయారు చేద్దామంది. ఆవిడ తన మడత విసనకర్ర విప్పి పట్టుకుంటుంది. మూసినప్పుడే మిజోబె నోరు విప్పాలి. మొరితా బిళ్ళల డబ్బాను వీధిలోకి పంపేశారు, మొరితాతో సహా.

రెండోసారి అంతా సాఫీగా మొదలైంది.

"చాపలకు అంచులు నీలం రంగువే వేస్తారుగా?"

మౌనం. టప్. "వేస్తామండీ."

"ఆ, ఇప్పుడు మీలా ఉన్నారు," అంది తొకుదా గారు తృప్తిగా. "తోటలో టీ గది ఉంది కదా. దానికి ఉచితంగా వేస్తారా?"

ఉచితం అనే మాట చెవిన పడగానే మేడమ్‌కు చెమటలు పోశాయి. పని మరిచిపోయి విసనకర్ర టపటపా మూస్తూ విప్పుతూ కూర్చుంది. మిజోబె చూపంతా దాని మీదే.

"వేస్తామండీ. అలాగేనండీ. సంతోషంగానండీ."

మేడమ్ అతని చొక్కా పట్టుకుని లాగింది.

"మిజోబె గారూ," అంది తొకుదా గారు నెమ్మదిగా, "మీరు నోరు తెరిచే ముందల్లా అక్కడెవరో విసనకర్ర మూస్తున్నారు. ఎందుకు?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మిజోబె లేచి నిలబడి, ఫోనుకు నడుము వంచి దండం పెడుతూ, లైను సంగతి, ఆలస్యం సంగతి, విసనకర్ర సంగతి చెప్పేశాడు. అవతల దగ్గులాంటి నవ్వొకటి మొదలై ఎంతకీ ఆగలేదు.

"రెండేళ్ళుగా తగ్గింపు అడిగినప్పుడల్లా మీరు మౌనంగా ఉండిపోయేవారు. పాపం, కాదనలేక నలిగిపోతున్నాడని నేనే సిగ్గుపడి ఆ మాట వెనక్కి తీసుకునేదాన్ని. నా సిగ్గంతా వృథా అయిందన్నమాట."

"క్షమించండి," అన్నాడు మిజోబె. పని పోయినట్టే అనుకున్నాడు.

"ఒప్పందం మూడేళ్ళకు రాసుకోండి. గుసగుసలు కూడా బయటికి వినిపించే కంపెనీ నన్నేం మోసం చెయ్యగలదు?" అని, ఆవిడ గొంతు పెంచింది. "హిరోసె గారూ, పక్కనే ఉన్నారని తెలుసు. నేను వదులుకున్న రెండేళ్ళ తగ్గింపూ కలిపి ఇప్పుడడుగుతున్నాను. ఏమంటారు?"

హిరోసె మేడమ్ ఏమీ అనలేదు. గదిలో ఎవరూ ఊపిరి కూడా తీసుకోలేదు.

"ఏమైంది, లైను తెగిందా?"

"లేదండీ," అంది హిరోసె మేడమ్ నీరసంగా. "చాలా బాగా పనిచేస్తోంది."