పద్దెనిమిదో గడి

ఒక మనిషి ఒక దేశంలో పదకొండేళ్ళుగా ఉంటున్నంత మాత్రాన అక్కడ ఉన్నట్టు కాదు. ఉన్నాడని అతని యజమాని చెప్పాలి, యజమాని చెప్పిందాన్ని లాయరు రాయాలి, లాయరు రాసిందాన్ని శాశ్వత నివాసాల కార్యాలయం నమ్మాలి. ఈ మూడూ పూర్తయ్యేదాకా ఆ మనిషి అద్దె కొంపలో ఉల్లిపాయలు తరిగినా, బస్సు కోసం పరిగెత్తినా, చట్టం దృష్టిలో అదంతా తాత్కాలికంగా తరగడమూ తాత్కాలికంగా పరిగెత్తడమూ మాత్రమే. (బస్సు మాత్రం శాశ్వతంగా వెళ్ళిపోతుంది.)

మన మెకానిక్‌కి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పెద్ద రేకుల హాలు, నాలుగు వరసలు, వరసకు పది మిషన్లు. చొక్కా మొదటి వరసలో కాలరుగా పుట్టి నాలుగో వరస చివర బొత్తాలతో బయటపడుతుంది. కుట్టేవాళ్ళందరూ ఆడవాళ్ళే. ఎవరు ఏది కుడితే అదే వాళ్ళ పేరు: కాలర్లక్క, జేబుల పిల్ల, కాజాల పెద్దమ్మ. మెకానిక్‌ని మాత్రం అందరూ అన్నా అంటారు, ఆయనకంటే పదిహేనేళ్ళు పెద్దదైన కాజాల పెద్దమ్మతో సహా.

ఎనిమిదేళ్ళ కిందట యజమాని ఆయన్ని తన గదిలోకి పిలిచి, "నిన్ను ఇక్కడే శాశ్వతంగా ఉంచేసుకుందామనుకుంటున్నానయ్యా. నువ్వు పోతే ఈ మిషన్లు నా మాట వినవు" అన్నాడు. మెకానిక్ పొంగిపోయాడు. శాశ్వతంగా ఉంచుకోవాలంటే ముందు ఆయన ఉద్యోగం ఖాళీగా ఉందని ప్రకటన ఇవ్వాలని లాయరు చెప్పేదాకా ఆ పొంగు అలాగే ఉంది.

నియమం సబబైనదే. ఈ పనికి దేశంలో ఇంకెవరూ దొరకలేదని తేలితేనే బయటివాడికి శాశ్వతం. దొరకలేదని చెప్పాలంటే ముందు వెతకాలి. మెకానిక్ చేసే పని ఏమిటో ఫ్యాక్టరీలో ఇంకెవరికీ సరిగ్గా తెలియదు కనుక ఆ ప్రకటన రాసే బాధ్యత మెకానిక్ మీదే పడింది. ముప్పై రోజులపాటు ఆయన తన ఉద్యోగానికి మనిషి కావలెనన్న కాగితం పక్కనుంచే రోజూ ఉద్యోగానికి వచ్చాడు. ఒకసారి దాని మూల ఊడితే తనే అంటించాడు. ఒకే ఒక్క మనిషి వచ్చాడు, గడియారాలు బాగుచేసే ముసలాయన. నలభై మిషన్ల మోత విని చెవులు మూసుకుని, "ఇందులో ఏది చెడిందో ఎలా వినబడుతుంది బాబూ?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిపోవడాన్ని లాయరు మూడు ప్రతుల్లో నమోదు చేశాడు.

దరఖాస్తు నింపింది మెకానిక్ కూతురు. ఆయన వేళ్ళకి ఎప్పుడూ మిషన్ నూనె ఉంటుంది, ముట్టుకున్న కాగితమల్లా అవతలి వైపు కనబడిపోతుంది. అప్పటికి ఆ పిల్లకి పన్నెండేళ్ళు. నాలుక కొంచెం బయటపెట్టి, గుండ్రటి అక్షరాలతో ఇరవై రెండు పేజీలు రాసింది. పద్దెనిమిదో గడి దగ్గర 'పిల్లలు' అని ఉంటే 'ఒకరు' అని రాసి, ఆ ఒకరూ తనే కాబట్టి పక్కన చిన్న పువ్వు వేసుకుంది. పువ్వు నిబంధనలకు విరుద్ధమని లాయరు ఆ పేజీ మళ్ళీ రాయించాడు. (నిబంధనల్లో పువ్వుల ఊసే లేదు. ఊసు లేనివన్నీ విరుద్ధమే.)

ఆ గడి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక సూచన ఉంది: తీర్పు నాటికి ఇరవై ఒకటి నిండినవారు ఈ గడి నిమిత్తం పిల్లలు కారు. దాన్ని చూసి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. పన్నెండెక్కడ, ఇరవై ఒకటెక్కడ. ఫైలు తేలడానికి మహా అయితే మూడేళ్ళన్నాడు లాయరు. పిల్లకి ఇరవై ఒకటి నిండేలోగా తేలితే ముగ్గురికీ శాశ్వతం. లేకపోతే తల్లీ తండ్రీ ఇక్కడ, పిల్ల ఎక్కడ చోటిస్తే అక్కడ.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఈ ఎనిమిదేళ్ళూ మెకానిక్ ఎదక్కుండా చాలా జాగ్రత్తపడ్డాడు. ఫైల్లో రాసిన పని, తీర్పు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉండవలెనని నియమం. యజమాని రెండుసార్లు సూపర్‌వైజర్‌ని చేస్తానన్నాడు. లాయరు రెండుసార్లూ అడ్డుపడ్డాడు. "సూపర్‌వైజరంటే వేరే ఉద్యోగం. వేరే ఉద్యోగమంటే వేరే ఫైలు. మీరు కొత్తగా ఏమీ నేర్చుకోకండి. పొరపాట్న నేర్చుకున్నా ఎవరికీ చెప్పకండి."

"ఈయనకి జుట్టు రాలిపోతోందండీ. అది కూడా ఫైలుకి చెప్పాలా?" అని అడిగింది మెకానిక్ భార్య.

లాయరు నవ్వలేదు. చూసి చెబుతానన్నాడు.

చివరికి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. స్థల తనిఖీ అధికారి ఫ్యాక్టరీకి వచ్చి, ఫైల్లో చెప్పిన పని నిజంగా ఉందో లేదో కళ్ళారా చూసి రిపోర్టు ఇస్తాడట. ఇదే ఆఖరి మెట్టు. రిపోర్టు బాగుంటే నెలలోపు తీర్పు. పిల్లకి ఇరవై ఒకటి నిండడానికి ఇంకా పదకొండు వారాలున్నాయి. ఇంట్లో ఆ రోజు ముగ్గురూ ఉత్తరాన్ని విడివిడిగా చదువుకున్నారు, తర్వాత కలిసి చదువుకున్నారు. మెకానిక్ కళ్ళు తుడుచుకుంటే కనుబొమలకి నూనె అంటింది.

"అధికారి వచ్చినప్పుడు మీరు పని చేస్తూ కనబడాలి. చేతులు కట్టుకుని కనబడితే పని లేనట్టే రాస్తాడు" అన్నాడు లాయరు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఇంకే పనీ నేర్చుకోకుండా ఒకే పని చేయడంవల్ల మెకానిక్‌కి ఆ పని మరీ బాగా వచ్చేసింది. ఆయన చేతిలో మిషన్లు చెడడం మానేశాయి.

అయితే రిజిస్టర్లో రోజుకు పదీ పదిహేను రిపేర్లు ఉండేవి. అది వేరే సంగతి. ఆ హాల్లో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తప్ప సీట్లోంచి లేవకూడదు. మిషన్ ఆగిపోతే మాత్రం లేవచ్చు. అందుకని ప్రతి ఆవిడకీ తన మిషన్‌ని ఆపుకునే ఉపాయం ఒకటి ఉంది. కాలర్లక్క సూదిని వెనక్కి తిప్పి పెడుతుంది. జేబుల పిల్ల బెల్టు జార్చేస్తుంది. కాజాల పెద్దమ్మ బాబిన్ కింద దారపు ముక్క ఇరికిస్తుంది. చెయ్యెత్తితే మెకానిక్ వస్తాడు. ఏం చేశారో ఆయనకి చూడగానే తెలుస్తుంది. తెలియనట్టు మొహం పెట్టి, మిషన్ పైకప్పు విప్పి, సరిగ్గా పది నిమిషాలు లోపలికి తొంగిచూస్తాడు. ఈలోగా వాళ్ళు నీళ్ళు తాగి, నడుం సాచుకుని, పెద్దమ్మయితే మోకాళ్ళు ఒత్తుకుని వస్తారు. ఇన్నేళ్ళలో ఫ్యాక్టరీలో ఈ విషయం ఒక్కరంటే ఒక్కరు పైకి అనలేదు, ఆయనా అనలేదు.

అధికారి ఎదురుగా భయపడి ఎవరూ చెయ్యెత్తకపోతే తన గతేమిటని మెకానిక్‌కి దిగులు పట్టుకుంది. ముందు రోజు కాలర్లక్క దగ్గరికి వెళ్ళి, నట్టు బిగిస్తున్నట్టు వంగి, "అక్కా, రేపు ఎవరో ఒకళ్ళ మిషన్ ఆగితే బావుణ్ణు" అన్నాడు.

"అంతేనా అన్నా, నువ్వు నిమ్మళంగా ఉండు" అంది కాలర్లక్క.

మధ్యాహ్నం లేవనిచ్చినప్పుడు ఆవిడ నాలుగు వరసల వెంటా వెళ్ళి అందరి చెవినా ఆ మాటే వేసింది: రేపు ఎవరో ఒకరు ఆపాలట. ప్రతి ఆవిడా తనలో తను ఆలోచించుకుంది. మిగతావాళ్ళు పిరికివాళ్ళు, ఆఫీసరుని చూస్తే చేతులాడవు, అన్న కూతురు బతుకు ఎవరిమీదో వదిలేసే విషయం కాదు. నలభై మందీ ఇలాగే అనుకున్నారు.

అధికారి పది గంటలకు వచ్చాడు. సన్నటి, మర్యాదస్తుడైన మనిషి. ఒంటిమీది యూనిఫారం ఈ ఫ్యాక్టరీలో కుట్టిందే, ఆ కాలరు తనదేనని కాలర్లక్క దూరాన్నుంచే గుర్తుపట్టింది. ఆయన హాలు మధ్యలో నిలబడి, పలకకి కాగితం తగిలించి, పెన్ను మూత తీశాడు. అంతే, హాలంతా నిశ్శబ్దమైపోయింది. నలభై మిషన్లూ ఆగిపోయాయి. నలభై చేతులు పైకి లేచాయి.

యజమాని గోడ పట్టుకున్నాడు. అధికారి మాత్రం చాలా ఆసక్తిగా, "రోజూ ఇలాగే ఉంటుందా?" అని అడిగాడు.

"రోజూ... ఇంచుమించు" అన్నాడు యజమాని. పని ఉందని చెప్పమన్నారు కనుక అలా చెప్పాడు.

మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటి వరసలోకి దిగాడు. తిరగేసిన సూది, జారిన బెల్టు, బాబిన్ కింద దారం. ఏ మిషన్ విప్పినా అందులో ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో ఆయనకి చదివినట్టు తెలుస్తోంది. ఈసారి పది నిమిషాలు తొంగిచూడలేదు. మిషన్‌కి మూడు నిమిషాల చొప్పున, నీళ్ళయినా తాగకుండా, పన్నెండున్నరకల్లా నలభైని నడిపించాడు. కాజాల పెద్దమ్మ మిషన్ దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆయనకేసి చూసి గర్వంగా నవ్వింది, తనొక్కతే ఆపినట్టు.

అధికారి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇలాంటి పనివాణ్ణి నేను చూళ్ళేదు. మీకు చేయగలిగిన సాయం చేస్తాను."

చేశాడు కూడా. పదో రోజున రిపోర్టు వచ్చింది. దరఖాస్తులో చూపినది ఒక మెకానిక్ చేయదగిన పని. స్థలంలో కనబడినది కనీసం ముగ్గురు చేయదగిన పని. కావున దరఖాస్తులోని పని స్థలంలో లేదు. స్థలంలోని పనికి యజమాని కొత్తగా దరఖాస్తు చేసుకొనవచ్చును. ముందుగా ప్రకటన ఇవ్వవలెను. మెకానిక్ పనితనాన్ని మెచ్చుకోవడానికి గడి లేనందువల్ల అధికారి ఆ మెప్పుని మార్జిన్లో పెన్సిల్‌తో రాశాడు.

ఆ రోజు సంగతంతా మెకానిక్ నోట విని లాయరు తలకాయ గోక్కున్నాడు. "ఒక దారుంది. ఆ రోజు మిషన్లు కావాలనే ఆపారని, మామూలుగా రోజూ ఆగేవి ఇన్ని కావని రాసిద్దాం. ఎవరెవరు ఆపారో, ఎలా ఆపారో జాబితా జతచేస్తే చాలు. రిజిస్టరు కూడా జతచేయాలి."

రిజిస్టరు జతచేస్తే ఆడవాళ్ళ పది నిమిషాలూ బయటపడతాయి. మెకానిక్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. భార్య కంచం తీసి పక్కన పెట్టింది. కూతురే మాటెత్తింది.

"రాయొద్దు నాన్నా."

"రాస్తే నువ్వు మాతో ఉంటావమ్మా."

"పెద్దమ్మ మోకాళ్ళేమవుతాయి? నువ్వు రోజూ చెబుతావుగా. రాయొద్దంతే."

ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టబోయి, నూనె చెయ్యని గుర్తొచ్చి ఆగాడు. ఆ పిల్లే తల వంచి ఆ చేతికి ఆనించింది. జాబితా రాయలేదు.

ముప్పై రోజుల ప్రకటన మళ్ళీ మొదలైంది. రాసే మనిషికి ఈపాటికి అనుభవం ఉంది కనుక ఈసారి బాగా కుదిరింది. దానికి అనుమతి రావడానికి కొన్ని వారాలు, కాగితం తగిలించే బోర్డుకి మేకులు మంజూరవడానికి ఒక వారం. ఈ లోపల పిల్లకి ఇరవై ఒకటి నిండింది. తల్లి కేకు తెచ్చింది, కాలర్లక్క కొత్త చొక్కా కుట్టి పంపింది. అందరూ బాగానే నవ్వారు.

తర్వాతి ఆదివారం పొద్దున కొత్త దరఖాస్తు నింపడానికి కూతురు బల్ల దగ్గర కూర్చుంది. తండ్రి వేళ్ళకి నూనె ఉంది మరి. పదిహేడు గడులూ గబగబా రాసుకుపోయింది. అవన్నీ పాతవే.

"నాన్నా, ఇక్కడ సున్నా పెట్టాలా, 'లేరు' అని రాయాలా?"

మెకానిక్ కళ్ళజోడు పెట్టుకుని సూచనల పేజీ రెండుసార్లు చదివాడు.

"అక్షరాల్లో రాయాలటమ్మా."

రాసింది. ఇప్పటికీ అవే గుండ్రటి అక్షరాలు.

మర్నాడు లాయరు పద్దెనిమిదో గడి దగ్గర ఆగి, పరీక్షగా చూసి, ఈసారి ఈ పేజీ మళ్ళీ రాయనక్కర్లేదన్నాడు.