మా బీరువాలో నర్సులంతా క్షేమం

నర్సులు ఉద్యోగాలు మానేసి వెళ్లిపోతున్నారని ఊరంతా గగ్గోలు పెడుతోంది. మా ఆసుపత్రిలో ఆ బెంగే లేదు. ఒక్కరిని కూడా పోనివ్వం! వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ నా గదిలో బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉంది.

అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ని కదా, నలుగురూ నాలుగు మాటలంటారు. చదువుకున్న కాగితాలు లాక్కోవడం అన్యాయం కాదా అంటారు. లాక్కోవడమా! ఎంత మాట! అవి ఇళ్లలో ఉంటే చెదలు పట్టవూ? పిల్లలు పడవలు చేసుకోరూ? వెనకటికెవరో పొమ్మనలేక పొగబెట్టారట. మేం ఉండమనలేక తాళం పెట్టాం. రెంటిలో ఏది మర్యాదో మీరే చెప్పండి.

ఉండమని నోరారా అడగొచ్చుగా అంటారా? అడిగితే వాళ్లూ ఏదో ఒకటి అడుగుతారండీ! నలభై పడకలకు ఇద్దరం ఎలా చాలుతామంటారు. అన్నం తినడానికి పావుగంట కావాలంటారు. కూర్చోవడానికి స్టూలంటారు. కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగే మనిషికి స్టూలెందుకు? అందుకే ఉన్న రెండూ తీయించేశాను. రోజంతా అలా తిరిగితే షుగర్ దగ్గరికి రాదు.

కొత్తవాళ్ల కోసం ప్రకటనలో ‘కుటుంబ వాతావరణం’ అని వేస్తాం. అందులో అబద్ధమేముంది? ఇంట్లో ఆడవాళ్లు అందరికీ పెట్టి, మిగిలితే తింటారు. ఇక్కడా అంతే!

పోయిన నెల మా పెద్ద సిస్టర్ నా గదికి వచ్చింది. పదిహేనేళ్ల సర్వీసు. చేతిలో రాజీనామా.

“మా అమ్మాయికి జ్వరమని రెండు రోజులు సెలవడిగితే ఇవ్వలేదు సార్. ఇక నా వల్ల కాదు. నా కాగితాలు ఇప్పించండి.”

“నీమీద అభిమానంతోనే ఇవ్వడం లేదమ్మా,” అన్నాను. నా కళ్లు చెమర్చాయి కూడా.

ఆవిడ బీరువాకేసి ఒకసారి చూసింది. “అయితే ఉంచుకోండి,” అని ఉత్త చేతుల్తో వెళ్లిపోయింది! ఆవిడ వెనకాలే ఇంకో ఆరుగురు. అయినా నేను చలించలేదు. రికార్డు ప్రకారం అందరూ మాతోనే ఉన్నారు.

ఈ రోజు పొద్దున్నే మా అమ్మను తెచ్చి, పెద్ద సిస్టర్ పనిచేసిన వార్డులోనే చేర్చాను. వాంతులతో ఒంట్లో నీరంతా పోయింది, సెలైన్ ఎక్కించాలి. ఎనభై ఏళ్ల చెయ్యి, నరం దొరకదు. మొన్న చేరిన ట్రైనీ పిల్ల ఐదుసార్లు గుచ్చి, తనే ఏడ్చేసింది. డాక్టరుగారు రెండుసార్లు చూసి చేతులెత్తేశారు.

“ఒరే నాయనా, ఆ పెద్ద సిస్టర్ని పిలవరా. ఇదివరకు ఆవిడ గుచ్చితే తెలిసేదే కాదు,” అంది అమ్మ.

ఫోన్ చేశాను. పదిహేనేళ్లలో మొదటిసారి ఆవిణ్ణి ‘మీరు’ అని, సిగ్గు విడిచి బతిమాలాను.

“నకళ్లు తీయించుకుని వేరేచోట చేరాను సార్. నలుగురు పేషెంట్లని వదిలి ఇప్పటికిప్పుడు ఎలా రాను?” అందావిడ. ఆ గొంతులో జాలి కూడా ఉంది. “అమ్మగారికి నయం కావాలి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయిగా, ఈ పూటకి వాటిని డ్యూటీకి వేసుకోండి.”

ఇది రాస్తుంటే అమ్మ ఇంకా చెయ్యి చాపుకునే ఉంది. మీలో నర్సులెవరైనా ఉంటే దయచేసి వెంటనే రండమ్మా. కాగితాలేవీ తేనక్కర్లేదు.