నగేష్ లెహంగా, క్లబ్బువారి బూట్లు

నైట్‌క్లబ్బులకు డ్రెస్ కోడ్ ఉండి తీరాలి! హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ వాసిగా ఇది నా నిశ్చితాభిప్రాయం. అది లేకపోతే మా గల్లీకి ఏం మిగిలేది చెప్పండి?

మా పక్కింటి నగేష్ జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తాడు. అతను గే అన్న కబురు గల్లీలో ఎప్పుడో పాతబడింది. జాకెట్లు టైముకిస్తాడా లేదా అన్నదే ఇప్పుడందరి ఫికర్. ఊరవతల ఒక క్లబ్బు అతనిలాంటి వాళ్లకోసం 'రెయిన్‌బో ఈవెనింగ్' పెట్టి, ఎవరు ఎలా ఉంటారో అలాగే రమ్మంది. నగేష్ గిరాకీలన్నీ పక్కనపెట్టి తనకోసం నెమలికంఠం రంగు లెహంగా కుట్టుకున్నాడు. అద్దాలు, జరీ, చమ్కీలు... ఎండలో నిలబడితే ట్రాఫిక్ ఆగేంత!

బయల్దేరేటప్పుడు వాళ్లమ్మ కళావతి అభ్యంతరం చెప్పింది. దుపట్టాకు పిన్ను లేదట. "జారితే ఇజ్జత్ పోతది బిడ్డా" అని తనే పెట్టింది.

తోడుగా నేనూ వెళ్లాను, ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లతో. షేర్ ఆటోలో పక్కాయన ఒళ్లంతా చమ్కీలే. దులుపుకుంటూనే, కూతురి పెళ్లికి ఇలాంటిదే కావాలని నగేష్ నంబరు తీసుకున్నాడు.

క్లబ్బు గేటు దగ్గర బౌన్సర్ ఆపాడు. మగవాళ్లకు ప్యాంటు, బూట్లు తప్పనిసరి అన్నాడు.

"మీ లెక్క మీరు రమ్మని మీరే రాసిన్రు గదన్నా. గట్లనే వచ్చిన" అన్నాడు నగేష్.

"అది లోపలికొచ్చినోళ్లకు."

నన్ను మాత్రం "రండి సర్" అన్నాడు! మామయ్యలాంటి నా వేషానికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది మరి. నేను వెళ్లలేదు లెండి.

తిరుగు ఆటోలో నగేష్ తల వంచుకుని చమ్కీలు సర్దుకుంటూ కూర్చున్నాడు. మా గల్లీ మొదట్లో ఒక బరాత్ అడ్డమొచ్చింది. మర్ఫా దరువు. పెళ్లివారి ఆడవాళ్లు ఆ లెహంగా చూసి, ఏ తరఫు చుట్టమని కూడా అడక్కుండా అతన్ని లోపలికి లాగేశారు. కాసేపటికి పెళ్లికొడుకును చూసేవాళ్లే లేరు. నేనూ చేతిరుమాలు ఊపాను. బూట్లు కరిచాయి.

చూశారా డ్రెస్ కోడ్ మహిమ? లోపలికి రానిచ్చి ఉంటే ఈ భాగ్యం మాకేది!

పోయిన వారం ఆ క్లబ్బు తన డాన్సు ఫ్లోరు పక్కన గోడంత పోస్టరు పెట్టింది. ఆ రోజు గేటు దగ్గర ఫొటో ఎవరు తీశారో గాని, అందులో ఉన్నది మా నగేషే! అడిగిందీ లేదు, పిలిచిందీ లేదు. పాదాలు మాత్రం కనపడకుండా కత్తిరించారు.

రూలు రూలే కదండీ, బూట్లు లేవుగా!