ముక్కులో బఠాణీ, ఆకాశంలో గురుడు

వైద్యంలో గొప్ప సంగతులు కనిపెట్టేది వైద్యులు కాదు, గ్రహాలు. వైద్యులు ఆ సమయానికి ఆ గదిలో ఉంటారు, అంతే. నగరంలోని పెద్దాసుపత్రి ఈ సత్యాన్ని తెలుసుకుని చాలా కాలమైంది (తెలుసుకున్న క్షణానికి కూడా జాతకం వేయించి, అద్దం బిగించి, మెట్ల మలుపులో తగిలించారు).

అప్పటి నుంచి అక్కడ ముహూర్తాల విభాగమని ఒకటి నడుస్తోంది. ఎక్స్‌రేలకు ఒక గది ఉంటే దీనికి ఒక అంతస్తు ఉంది. నొప్పి లేకుండా పన్ను పీకిన మొదటి రోజు మొదలుకొని, రోగికి తన జబ్బేమిటో చెప్పిన మొదటి రోజు దాకా, నగరంలో జరిగిన వైద్య విజయాలన్నిటికీ అక్కడ జాతకాలు వేశారు. ఏ గ్రహం ఎక్కడ కూర్చుంటే ఏ రోగం లేచిపోతుందో తేల్చారు. దాంతో రాబోయే విజయం ఎప్పుడో, ఏ గదిలోనో ముందే తెలిసిపోతోంది. తెలియనిదల్లా అది ఎవరి ఒంట్లో జరుగుతుందన్నదే. అందుకే చీటీలు రాసే కిటికీ దగ్గర జబ్బేమిటని అడగరు. పుట్టిన సమయం అడుగుతారు.

చాలామంది తల్లులు దానికి భోజనాల వేళ అనో, వాన పడుతుండగా అనో, వాళ్ల నాన్న సమయానికి లేనప్పుడు అనో చెబుతారు. అలాంటి జవాబులను కంప్యూటరు మింగదు. ఆ పిల్లలను మామూలు రోగులుగా లెక్కగట్టి నేరుగా డాక్టరు దగ్గరికి తోసేస్తారు. వాళ్లకు మామూలుగా నయమైపోతుంది.

పిచ్చుక తల్లి అలాంటి మనిషి కాదు. (పిచ్చుక అంటే ఆమె నాలుగేళ్ల కూతురు. ఆ పేరు ఆ పిల్ల నోటిని బట్టి వచ్చింది.) పిల్ల పుట్టినప్పుడు ఆమె గోడ గడియారం చూసింది. అది ఆగిపోయి ఉందేమోనని నర్సు చేతి గడియారం చూసింది. తన మనసు కుదుటపరచడానికి నర్సు అబద్ధం చెబుతోందేమోనని, భర్తను ఫోను చూసి చెప్పమంది. మూడూ ఒకటే చెప్పాక, మూడూ ఒకేసారి చెడిపోయాయేమోనని కంగారుపడింది. పిల్ల ఏడిస్తే జబ్బని, ఏడవకపోతే ఇంకా పెద్ద జబ్బని ఆమె లెక్క. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన బాగుచేసిన లిఫ్టులో ఆమె ఇంతవరకూ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నం పిచ్చుక ఆడుకుంటూ ఆడుకుంటూ ఒక ఎండు బఠాణీ గింజను కుడి ముక్కులోకి దూర్చుకుంది. ఎందుకే అంటే, అక్కడ చోటుంది కాబట్టి అంది. తల్లి పిల్లను ఎత్తుకుని పెద్దాసుపత్రికి బస్సెక్కింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె బుర్ర పొలం పనులు చేసింది. తడి తగిలితే గింజ ఉబ్బుతుంది. ఉబ్బితే మొలకెత్తుతుంది. మొలకెత్తితే వేరు కిందికి, అంటే గొంతులోకి. తీగ మాత్రం వెలుతురు వైపే పాకుతుందని ఆమె బడిలో చదువుకుంది. అంటే చెవిలోంచి.

కిటికీ దగ్గర ఆమె పుట్టిన సమయాన్ని నిమిషాలతో సహా చెప్పింది. కంప్యూటరు చిన్న పాట పాడింది. లోపలి గుమాస్తా లేచి నిలబడ్డాడు.

లోపల డాక్టరు కుర్రవాడు. పిచ్చుకను బల్ల మీద కూర్చోబెట్టి, దీపం దగ్గరికి లాగి, పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. అర నిమిషం పని, కదలకు తల్లీ అంటున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని ముహూర్తాల అధికారి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు చెయ్యి పట్టుకునే అధికారం ఆ ఆసుపత్రిలో ఆయనకొక్కడికే ఉంది.

"అదృష్టవంతులమ్మా మీరు. రేపు పొద్దున పదకొండు దాటాక, గురుడు ఇల్లు మారగానే, వైద్యచరిత్ర మీ పాప ముక్కులో మలుపు తిరుగుతుంది."

ఏం మలుపండీ అని ఆమె అడిగింది.

"అది రేపు తెలుస్తుంది. ముందే తెలిస్తే దాన్ని కనిపెట్టడమని ఎవరంటారు?"

డాక్టరు గొంతు సవరించుకుని, ఇప్పుడే తీసేయొచ్చండీ అన్నాడు. తీసేయడం కొత్తేం కాదని, ఊరూరా తీస్తున్నారని, ఈ రోజు తీస్తే పిందెలోనే కాయ తెంపినట్టవుతుందని అధికారి చెప్పాడు. ఆమె డాక్టరు వైపు తిరిగి గింజ ఉబ్బుతుందా అని అడిగింది. ఉబ్బుతుందని చెప్పి అతను నేల చూశాడు. మొలకెత్తుతుందా అని అడిగింది. ఇప్పటిదాకా చూడలేదన్నాడు. ఆమె చెవికి ఇప్పటిదాకా అన్న మాటొక్కటే ఎక్కింది.

పిల్లను ఇంటికి తీసుకుపోతానంది. కుదరదన్నారు. గదిలోంచి కదిలితే పిల్ల లగ్నం చెదురుతుందట. గేటు దగ్గర కాపలా మనిషికి అప్పటికే కబురు వెళ్లింది (గ్రహాలను నమ్మని వాళ్లు కూడా ఆయన కర్రను నమ్ముతారు).

ఆమెకు ధైర్యం చెప్పడానికి అధికారి గది బయటి గోడ మీదున్న చరిత్రను చూపించాడు. ఒక అద్దం కింద, వైద్యులు ఆపరేషనుకు ముందే చేతులు కడుక్కోవాలని నగరంలో మొదటిసారి కనిపెట్టిన ఘట్టం ఉంది. ఆ కనిపెట్టడం పాపం రాహుకాలంలో జరిగిందట. అంచేత దాన్ని రద్దుచేసి, మంచి యోగం కోసం ఆగి, ఏళ్ల తర్వాత మళ్లీ కనిపెట్టారట.

"మరి ఆ మధ్యలో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు?"

"వాళ్ల జాతకాలు వేరమ్మా," అన్నాడు అధికారి, పక్క అద్దం దగ్గరికి నడుస్తూ.

ఆమె గోడ చివరిదాకా చూసుకుంటూ పోయింది. ప్రతి అద్దంలోనూ వైద్యుడి పేరుంది, గ్రహాల పేర్లున్నాయి, గడియారం బొమ్మ ఉంది. రోగి బతికాడో లేదో మాత్రం ఎక్కడా లేదు.

చరిత్రకు భంగం రాకుండా ఆ అంతస్తులో నియమాలు పెట్టారు. అన్నిటికన్నా పెద్ద నియమం తుమ్మకూడదని. తుమ్ము ఎలాగూ అపశకునం, పైగా ఈ కేసులో అది వైద్యం కూడా. అంచేత ఫ్యాన్లు ఆపేశారు. దుమ్ము లేవకుండా ఊడవడం మానిపించారు. రాత్రంతా తల్లి పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టి కూర్చుంది, లోపల ఏదైనా మొలుస్తున్న చప్పుడు వినిపిస్తుందేమోనని. తెల్లారేసరికి పిచ్చుక ముక్కు కుడిపక్క ఉబ్బింది. నోటితో ఊపిరి తీస్తోంది. మాట్లాడటం మానేసింది. పిచ్చుక మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని రోగం.

పదింటికి ఆడపడుచు దిగింది. పెళ్లికి వెళ్తున్నట్టు ముస్తాబై, మొహానికి గోడకు సున్నం వేసినట్టు పౌడరు వేసుకుంది. ఫోటోలో తాను ఏ పక్క నిలబడాలని అడిగింది. మా పిల్ల చరిత్రలో పడుతోందని చుట్టాలందరికీ అప్పటికే చెప్పేసింది. ఆమెకూ ఈ ఇంటికీ ఉన్న పాత తగువల్లా ఒకటే: పిల్లను తన దగ్గరికి చేరనివ్వరని. అది నిజమే. ఆ పౌడరు వాసన సోకితే పిచ్చుక గుక్క తిప్పుకోకుండా తుమ్ముతుంది. జలుబు చేస్తుందని తల్లి నాలుగేళ్లుగా ఆ మొహానికీ పిల్లకూ మధ్య గోడలా నిలబడుతూ వచ్చింది.

"ఎందుకే ఆ ఏడుపు మొహం? నీ భయాలకు ఏ గ్రహం కారణమో ముందు అది కనిపెట్టమను. తుమ్మితే ఊడిపోయే ముక్కా ఏంటి నీ కూతురిది?"

తల్లి ఆడపడుచు మొహంలోకి చూసింది. పెళ్లయినప్పటి నుంచి అంత ఆప్యాయంగా ఎన్నడూ చూడలేదు.

"వదినా, పిల్లను ఒక్కసారి ఎత్తుకోండి. మిమ్మల్నే అడుగుతోంది."

ఆడపడుచుకు కళ్లు చెమర్చాయి. పిచ్చుకను గుండెకు హత్తుకుని బుగ్గకు బుగ్గ ఆనించింది. తల్లి పిల్ల ముక్కు తుడుస్తున్నట్టు వంగి, ఎడమ పక్కను వేలితో అదిమిపెట్టింది. పిచ్చుక కళ్లు మూసింది, నోరు తెరిచింది, ఒక్క క్షణం లోకమంతా ఆగినట్టయింది. ఆ తర్వాత వచ్చిన తుమ్ముకు బఠాణీ గింజ తెరిచిన తలుపులోంచి దూసుకుపోయి, ఎదురుగా చేతులు కడుక్కున్న చరిత్ర అద్దానికి ఠంగున తగిలింది.

అధికారి పరుగున వచ్చి ముందు పిల్లను కాదు, గడియారాన్ని చూశాడు. గురుడు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఈ సమయంలో నయం కావడానికి వీల్లేదని చెప్పి, గింజను మళ్లీ లోపల పెట్టమన్నాడు. డాక్టరు గింజను దీపం దగ్గర తిప్పి చూసి, బాగా ఉబ్బిందండీ, ఇక పట్టదు అన్నాడు. అతని గొంతులో విచారం ఉండాల్సినంత లేదు.

పెద్దాసుపత్రి ఇంతకన్నా పెద్ద చిక్కులు చూసింది. స్టూలు తెప్పించి, గోడ గడియారం ముళ్లను పదకొండు దాటించారు. అద్దాల్లోని గడియారాలన్నీ అంత చక్కటి ముహూర్తాలు ఎలా చూపిస్తున్నాయో తల్లికి అప్పుడు అర్థమైంది. ఫోటో తీశారు. అందులో అధికారి ఉన్నాడు, వాడని పట్టకారుతో డాక్టరు ఉన్నాడు, పిల్లను ఎత్తుకుని ఆడపడుచు ఉంది. తల్లి మొహం భయంగా ఉందని ఆమెను పక్కకు జరగమన్నారు. ఆమెకూ తీరిక లేదు. గింజలో ఒక ముక్క లోపలే ఉండిపోయిందేమోనని అరచేతిలో పెట్టుకుని పరీక్షిస్తోంది. అద్దం కింద రాతకు, తుమ్ముతో వైద్యం నగరంలో ఇదే మొదటిసారి అని ఒక వాక్యం, గురుడు మళ్లీ ఇదే చోటికి వచ్చేదాకా దీన్ని వాడరాదని ఇంకో వాక్యం ఖరారు చేశారు.

దిగి వస్తుంటే పిచ్చుకకు మాటలు తిరిగొచ్చాయి. ఎడమ ముక్కులో కూడా చోటుందని చెబుతోంది.

కిటికీ ముందు వరసలో ఒకావిడ ఉంది. చంకలో పిల్లవాడు, పిల్లవాడి చెవిలో పూస. పిచ్చుక తల్లి ఆమె పక్కన ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది.

"పుట్టిన టైము అడుగుతారు. గుర్తు లేదని చెప్పు."

"నిజంగానే గుర్తులేదక్కా," అని ఆవిడ సిగ్గుపడింది.

డాక్టరు ఆ పూసను అర నిమిషంలో తీసి ఆమె చేతిలో పెట్టాడు. వైద్యచరిత్రలో దాని ఊసు లేదు.