టకార సంహారము

సముద్రుడు తన తరంగబాహువులతో తీరమందలి ఇసుకను రేయింబవళ్లు తుడిచి తుడిచి, ఎంత తుడిచినను అది తరుగకుండుటచే విసుగెత్తి గర్జించుచుండగా, ఆ గర్జనకు ఇసుమంతయు చలింపక, ఉప్పుగాలికి గోడసున్నమును పెచ్చులు పెచ్చులుగా రాల్చుకొనుచు నిలిచిన రెండంతస్తుల విశ్రాంతిగృహమొకటి కలదు. దాని పైయంతస్తులో, కిటికీ తెరచినచో తలుపు దానంతటదియే దభాలున మూసికొను ఒక గదిలో, సెలవులకు వచ్చిన మూడవనాటి సాయంకాలమున, ఒక వీరుని హృదయమునందు రోషాగ్ని రాజుకొనెను. ఆ అగ్ని ఎట్లు రగిలినదో, ఎవ్వరిని దహించినదో, తుదకు ఎట్లు చల్లారినదో చెప్పెదను. చేతిలోని టీ చల్లారకముందే వినుడు.

ఆ వీరుడు దర్జీ. సూచీముఖవిదారితవస్త్రసంచయుడు, కర్తరీపాణి, కొలతపట్టీని కంఠహారముగా ధరించినవాడు. ఊరందరి నడుముల చుట్టుకొలతలను కడుపులో దాచుకొని, ఎవ్వరు ఎంత లావెక్కినను పెదవి విప్పని గంభీరుడు. ఆయన యిల్లాలు దుకాణపు వెనుకగదిలో తల వంచుకొని చొక్కాలకు కాజాలు కుట్టును. పెండ్లియైన నాటినుండి ఆమె చూచిన లోకమెల్ల కాజా సందులోనుండి చూచినదే. వారి కుమార్తె ఉద్యోగములో చేరిన వెంటనే తలిదండ్రులను ఆ సముద్రతీరమునకు సాగనంపుచు, “అమ్మా, ఈ నాలుగు రోజులైనా తలెత్తి నాలుగు చోట్లు చూసి రా” అని మరీ మరీ చెప్పెను.

ఆ గృహమునుండి ప్రతిదినము ప్రాతఃకాలమున ఒక వ్యాను బయలుదేరి, యాత్రికులకు చుట్టుపట్ల వింతలు చూపి, సాయంకాలమునకు తెచ్చి దింపును. మొదటినాడు కొండకోట, రెండవనాడు శిల్పములు చెక్కిన గుహలు, మూడవనాడు పక్షులు వాలు సరస్సు. దారులన్నియు మెలికలే. వ్యాను మొదటి మలుపు తిరుగునంతలోనే, వెనుక కూర్చున్న ఆ యిల్లాలికి కడుపులో దేవినట్లగును. కన్నులు గట్టిగా మూసికొని, నిమ్మకాయను ముక్కునకు ఆనించి, ఒడిలో ప్లాస్టిక్ కవరు తెరచి పట్టుకొని ఆమె మూడు యాత్రలును చేసెను. చేరినపిమ్మట వ్యాను నిలిపినచోటనే ఏదో ఒక అరుగుమీద కొంగు కప్పుకొని పడుకొనెను. కోట ఆమెను చూచెను గాని ఆమె కోటను చూడలేదు.

“ముందు సీట్లో కూర్చుంటే తిప్పదండీ, రోడ్డు కనబడుతుంది కదా” అని డ్రైవరు మొదటినాడే చెప్పియుండెను. కాని ఆ ముందు సీటు, డ్రైవరు పక్కనున్న ఆ ఏకైక సింహాసనము, అప్పటికే పరాధీనము. శిరస్త్రాణశోభితుడు, స్థూలకాయుడు, మితభాషియునగు ఒక వృద్ధుడు, యాత్రికులెల్లరు ‘టోపీ పెద్దాయన’ అని పిలుచువాడు, ప్రతిదినము ఉదయమున అందరికంటె ముందే వచ్చి తన పచ్చని తువ్వాలును దానిపై పరచి, నెమ్మదిగా టీకి వెళ్లును. సీటుపై ఎవ్వరి గుడ్డ పడునో సీటు వారిదే. పడిన గుడ్డను మరియొకరు తాకరాదు. ఈ ధర్మమును ఎవ్వరు శాసించిరో తెలియదు గాని, దీనిని మీరినవానిని వ్యానులోని వారెవ్వరును క్షమింపరు.

అట్లు మూడవనాటి సాయంకాలము వచ్చెను. కుమార్తె ఫోను చేసెను.

“అమ్మా, కోట ఎలా ఉంది?”

“చాలా పెద్దదట.”

“గుహలు?”

“లోపల చల్లగా ఉంటుందట. ఏనుగు బొమ్మ ఒకటి భలే చెక్కారట.”

“మరి ఇవాళ పక్షులు?”

“కాళ్ళు ఎర్రగా ఉన్నాయట.”

“అదేంటమ్మా, అన్నిటికీ అట అట అంటావ్? నువ్వు వెళ్ళలేదా?”

“ఎందుకు వెళ్ళలేదూ? వెళ్ళే వచ్చాంగా” అని ఆమె నవ్వి, నిమ్మకాయ వాసన వదలని చేతులను కొంగునకు తుడుచుకొనెను.

ప్రక్క మంచముపై కూర్చున్న దర్జీకి ఆ నవ్వు సూదివలె దిగెను. ఒక్క అక్షరము! చూచినవారి మాటకు లేనిది, విన్నవారి మాటకు తోకయై వ్రేలాడునది. ఆ ఒక్క టకారము తన యిల్లాలి మూడు దినములను మ్రింగి త్రేన్చెను. ఆయన అంతరంగమున లేచి నిలిచి, మీసము లేకున్నను మీసము దువ్వి, ఇట్లు గర్జించెను:

“ఓరీ టకారాసురా! వాక్యాంతనివాసీ! పరులు చూచిన దృశ్యముల ఎంగిలి తిని బ్రతుకువాడా! నా యిల్లాలి కన్నులు కన్నులు కావా? వేలకొలది గుండీలకు దారి చూపిన కన్నులకు ఒక కోట కనబడరాదా? రేపు జలపాతయాత్ర. అదియే ఆఖరు యాత్ర. రేపటి సూర్యుడు సముద్రమున స్నానమాడి లేచులోపల ఆ ముందు సీటును జయించి, ఆమెను అందు కూర్చుండబెట్టి, నిన్ను ఆమె నాలుకపైనుండి తరిమి తరిమి కొట్టకున్నచో, ఈ చేత మరల కత్తెర పట్టను! ఈ మెడలో కొలతపట్టీ వేయను!”

ఇట్లు లోలోపల సింహనాదము చేసి, పైకి మాత్రము, “ఫ్యాను పెంచనా?” అని అడిగెను.

“పెంచండి” అనెను ఆమె.

మరునాడు, తూర్పు ఇంకను తెల్లవారుటయా మానుటయా అని తటపటాయించుచున్న వేళ, వీరుడు చెప్పులు చేతబట్టుకొని మెట్లు దిగెను. ఆయన చేత కర్చీఫు కలదు. అది సామాన్యమైన కర్చీఫు కాదు. తన చొక్కా కుట్టగా మిగిలిన గుడ్డను తానే కత్తిరించి, అంచులను తానే మడిచి కుట్టినది. ముందు సీటనగా సముద్రమువైపు కిటికీ, డ్రైవరనగా గోడవైపు కిటికీ అని మూడు దినములుగా ఆయన కనిపెట్టియుండెను. వ్యాను ముక్కువైపునకు చేరి, సముద్రమువైపు కిటికీ క్రింద నిలిచెను. అద్దము జానెడు దిగియుండెను. తాను పొట్టివాడగుటచే లోనికి తొంగిచూచు యోగము లేదు. అందుచే మునివ్రేళ్లపై లేచి, గురి చూచి, ఊపిరి బిగబట్టి, చంద్రకాంతసన్నిభమగు ఆ కర్చీఫాస్త్రమును సంధించి విడిచెను. అది గాలిలో ఒక్క మడత విప్పుకొని, అద్దము అంచును ఒరసికొని, లోపల సీటుపై మెత్తగా వ్రాలిన చప్పుడు ఆయనకు స్పష్టముగా వినబడెను.

వీరుడు గదికి పోయి, భార్యతో, “ఇవాళ నువ్వు ముందు కూర్చుంటున్నావ్” అనెను.

“ఎవరన్నారు?”

“నేను అంటున్నా.”

ఆమె ఆయనను ఎగాదిగా చూచి, అయినను కవరును మడిచి సంచిలో పెట్టుకొనెను. నిమ్మకాయ కూడ పెట్టుకొనెను.

ఎండ వచ్చెను. యాత్రికులు చేరిరి. డ్రైవరు తలుపు తీసి, ఎక్కబోయి, ఆగి, అందరివైపు తిరిగెను.

“నా సీటుకి కర్చీఫ్ వేసిందెవరండీ?”

హా విధీ! మూడు దినములు గేటువైపు ముఖము పెట్టి నిలిచిన వ్యానును, పాల బండికి దారి ఇచ్చుటకై, ఆ రాత్రి వంటగదివైపు ముఖము త్రిప్పి నిలిపియుండిరి. ముఖము తిరిగినచో ప్రక్కలును తిరుగునను సత్యమును, దుస్తులను తిరగవేసి కుట్టుటలో ఆరితేరిన ఆ మహానుభావుడే మరచెను. నిజమైన ముందు సీటుపై పచ్చని తువ్వాలు యథాప్రకారము పరచుకొని యుండెను.

“టైలరు గారు ఇవాళ బండి తోలతారట!” అని వెనుకనుండి ఎవరో అనిరి. అందరును నవ్విరి. ఆ టకారము సైతము ఆయననే చూచి నవ్వెను.

“మీరు వేశారు కాబట్టి సీటు మీదే సార్. నేను కాదనను” అని డ్రైవరు తాళపుచెవి చాచెను. “బ్రేకు మాత్రం కొంచెం గట్టిగా తొక్కాలి.”

వీరుడు భార్యవైపు చూచెను. ఆమె నవ్వుటలేదు. సంచిలోనుండి మెల్లగా కవరు తీయుచుండెను. ఆ దృశ్యము చూచి ఆయన సిగ్గు విడిచెను. రెండంగలలో టోపీ పెద్దాయన యెదుటికి పోయి నిలిచెను. ‘ఆ సీటు విడువుము, లేదా యుద్ధమునకు రమ్ము’ అను మహావాక్యము నాలుక చివరకు వచ్చెను. కాని చూపు పచ్చని తువ్వాలుపై పడెను. వృత్తిధర్మము బలీయము.

“బాబాయిగారూ, మీ తువ్వాలు అంచు ఊడిపోతోందండీ. ఇలా వదిలేస్తే దారం మొత్తం లాగేస్తుంది.”

“అవునా? ఏదీ?” అని వృద్ధుడు కంగారుపడి, తువ్వాలును తానే చేజేతుల సీటుపైనుండి తీసి, దర్జీ చేతిలో పెట్టెను.

సభ యావత్తు స్తంభించెను. సీటు దిగంబరమయ్యెను. ఆ క్షణమున డ్రైవరు, దైవప్రేరితుడో, బయలుదేరుట ఆలస్యమగుచున్నదని విసిగినవాడో తెలియదు గాని, తన సీటుపైనున్న కర్చీఫును రెండు వ్రేళ్లతో ఎత్తి ప్రక్క సీటుపై పడవేసెను.

వృద్ధుడు సీటును చూచెను. తువ్వాలును చూచెను. దర్జీని చూచెను.

“కావాలని చేశావా బాబూ?”

“లేదండీ. నిజంగానే ఊడిపోతోంది.”

“నాకు వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందయ్యా. అందుకే పొద్దున్నే లేచొస్తా. సరదాకనుకున్నావా?”

శత్రువు శత్రువుగా ఉన్నంతవరకే యుద్ధము సులభము. ఇల్లాలు ముందునకు వచ్చెను.

“అయ్యో, మీక్కూడానా బాబాయిగారూ? ఆ బాధ నాకు తెలుసు. మీరే కూర్చోండి, పెద్దవారు. నాకు అలవాటైపోయింది.”

“నీకూ తిప్పుతుందా? మరి ఈ మూడు రోజులూ వెనకే కూర్చున్నావు కదమ్మా. నిన్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి, చూశావా?”

“ఆకాశం కనపడలేదట కదండీ” అనెను ఆమె.

వృద్ధుడు టోపీ తీసెను. ఆయనను బట్టతలతో చూచుట యాత్రికులకు అదియే ప్రథమము. కొంతసేపు ఆ టోపీ లోపలికి చూచి, మరల పెట్టుకొని, “వెళ్ళేటప్పుడు నువ్వు కూర్చో తల్లీ. వచ్చేటప్పుడు నేను. ఆ కవరు ఇలా ఇవ్వు” అనెను.

వ్యాను కదలెను. కొండదారి మొదలయ్యెను. ముందునుండి ఇల్లాలి స్వరము ఆగక వినబడుచుండెను: “ఏమండీ, లోయ చూడండి! అబ్బో, ఆ చెట్టు చూడండి, రాయిలోంచి వచ్చింది! ఏమండీ, చూస్తున్నారా?”

“ఆ, ఆ” అనుచుండెను ఆయన. ఆయన చూచుచున్నది ప్లాస్టిక్ కవరును. ఒక చేత దానిని వృద్ధుని గడ్డము క్రింద పట్టి, మరియొక చేత నిమ్మకాయను ఆయన ముక్కునకు ఆనించి, “కళ్ళు తెరవకండి బాబాయిగారూ, అయిపోయింది, ఇంకొక్క మలుపే” అని ప్రతి మలుపునకును చెప్పుచు, మహాసారథివలె ఆ వెనుక సీటును నడిపెను.

జలపాతము చేరిరి. వృద్ధుడు దిగి అరుగుమీద వాలెను. ఇల్లాలు, “మీరు రారా?” అని అడిగెను.

“నువ్వు పద. వెనకే వస్తా.”

ఆయన పోలేదు. కాలరు మడతలో నిత్యము దాగియుండు సూదిని తీసి, వృద్ధుని ప్రక్కన కూర్చుండి, పచ్చని తువ్వాలు అంచును ఓపికగా మడిచి కుట్టెను. కొండచాటునుండి నీటిహోరు వినబడుచుండెను. కుట్టు పూర్తియగునప్పటికి ఇల్లాలు తల తడిసి, చీర తడిసి, చెప్పులు చేత పట్టుకొని వచ్చెను. ఆమెను అట్లు ఆయన మునుపెన్నడును చూచియుండలేదు. ఆయనకు మిక్కిలి సంతోషమయ్యెను.

తిరుగుప్రయాణమున మాటప్రకారము వృద్ధుడు ముందు కూర్చుండెను. ఆమె వెనుక కన్నులు మూసికొనెను గాని, కవరు అడుగలేదు. దారి పొడుగున నవ్వుకొనుచునే యుండెను.

సాయంకాలము ఫోను మ్రోగెను.

“ఏమ్మా, జలపాతం ఎలా ఉందట?” అని కుమార్తె ఆటపట్టించెను.

“ఉందట ఏంటే! పాలు పొంగినట్టు తెల్లగా ఉంది. కింద నిలబడితే పక్కవాళ్ళ మాట వినపడదు. నీళ్ళు ఫెడీమని మొహాన కొట్టాయి. హరివిల్లు రంగులన్నీ నా కాళ్ళ దగ్గరే కనబడ్డాయి. నేను చూశాను!”

జయము! జయము! టకారుడు హతుడయ్యెను! కోటలు మ్రింగినవాడు, గుహలు మ్రింగినవాడు, ఎర్రకాళ్ల పక్షులను గుంపులు గుంపులుగా మ్రింగినవాడు, ఒక దర్జీ కర్చీఫునకు కూలెను! సముద్రుడు అలలను చరచుకొనెను. తెరచియున్న కిటికీని చూచి తలుపు దభాలున మూసికొని జయభేరి మ్రోయించెను. ముల్లోకములలో ఒక్క అక్షరము తగ్గెను.

“సరే, నాన్నకివ్వు” అనెను కుమార్తె. “నాన్నా, అంత బాగుందా?”

విజయుడగు వీరుడు గొంతు సవరించుకొనెను. ఇంకను తడి ఆరని భార్య జుట్టువైపు ఒకమారు చూచెను.

“బ్రహ్మాండంగా ఉందట” అని సగర్వముగా చెప్పెను.