చొక్కా చిరిగిన మంగళవారం

ఆ మంగళవారం యెలిత్సాకు ఒకటే పని. చాచాక్ పట్టణ నీటి సరఫరా ఆఫీసులో పదకొండేళ్లుగా గుమాస్తా. పదకొండింటికి డైరెక్టర్ తోషిచ్ గదికి వెళ్లి సెక్షన్ పెద్ద ఉద్యోగం అడగాలి. పెళ్లయిన ఆడదానికి ఆ ఉద్యోగమిస్తే ఏడాది తిరక్కుండా ప్రసూతి సెలవు పెడుతుందని తోషిచ్ భయం. దానికి ఆమె దగ్గర జవాబుంది: ఇంకో రెండేళ్ల దాకా బిడ్డ వద్దు.

ఆ రెండేళ్ల లెక్క ఆమెది కాదు. ఫోనులో రోజూ వీడియోలు పెట్టి హితబోధ చేసే ఒకావిడది. అంతకుముందు ఇంకొకావిడ వెంటనే కనమంటే ఊయల చూసి వచ్చారు. వేరొకావిడ అసలే వద్దంటే కుక్కపిల్లను చూసి వచ్చారు. భర్త రాదోష్ మెకానిక్. రెండింటికీ తలూపాడు.

ఆ పొద్దున కాఫీ తాగుతూ యెలిత్సా ఫోనులో అందరికీ కనపడేలా ఒక ఫోటో పెట్టింది. ముందురోజు స్నేహితురాలి పసివాణ్ణి ఎత్తుకుని దిగింది. పైన, "వీణ్ణి ఎత్తుకున్నాక ఇంకేం కావాలి!" అని రాసింది. కింద పన్నెండు వాక్యాల్లో రెండేళ్లు ఎందుకు ఆగాలో వివరించింది. ఆ పన్నెండూ చదవాలంటే ఒకసారి వేలితో నొక్కాలి. ఎవరూ నొక్కలేదు.

పల్లెలో ఉన్న అత్తగారు స్టానోయ్కా కోడల్ని చూసి ఎనిమిది నెలలైంది. ఫోటో చూసి కొడుకు పెళ్లికి సాక్షిగా నిలిచిన వుకోమాన్‌కు ఫోన్ చేసింది.

"నాకు మనవడు పుట్టాడు! ఇంకా ఇంట్లో కూర్చున్నావా?"

"వాడు నాకు చెప్పనే లేదు పిన్నీ!"

"నాకు మాత్రం చెప్పాడా? ముందు వెళ్లి చొక్కా చింపు!"

బిడ్డ పుట్టిన కబురు రాగానే తండ్రి చొక్కా చింపడం ఆ ఊళ్లో పెళ్లిసాక్షి హక్కు. వుకోమాన్ ప్లమ్ పళ్ల సారా సీసాతో, నలుగురు మనుషులతో గరాజీకి వచ్చాడు. రాదోష్ కారు కింది నుంచి బయటికి రాగానే కాలరు పట్టుకున్నాడు.

"ఒరేయ్, నాకు బిడ్డ పుట్టలేదురా!"

"తండ్రికి ఆఖర్నే తెలుస్తుందిలే!" అంటూ నడుం దాకా చీల్చాడు.

రాదోష్ భార్యకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అదే చొక్కాతో ఆఫీసుకు పరుగెత్తాడు. సీసాతో వుకోమాన్ వెంటపడ్డాడు.

అప్పటికి యెలిత్సా డైరెక్టర్ ఎదుట కూర్చుని ఉంది.

"అయ్యా, పిల్లల విషయంలో మీకే భయమూ అక్కర్లేదు..."

"ఫోటో చూశానమ్మా. నిజమేనా అనుకుంటున్నా."

తలుపు తోసుకుని రాదోష్, వెనకే సీసాతో వుకోమాన్ వచ్చారు. తోషిచ్ ఆ చొక్కాను పైనుంచి కిందికి చూసి లేచి నిలబడ్డాడు.

"చలికాలమంతా ఆ దొడ్డ కోటులో ఉంటే ఏమో అనుకున్నా! ఒక్కరోజు సెలవు పెట్టకుండా కన్నావు, పొద్దున్నే పనికొచ్చావు! నీకు కాక ఎవరికిస్తానమ్మా?"

"అయ్యా, ఆ బిడ్డ..."

"బిడ్డను అత్తగారు చూసుకుంటుందిలే!" ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

"ఆ బిడ్డ నా బిడ్డ కాదండీ."

"మరి ఈ చొక్కా?"

"చొక్కా మా ఆయనదే."

తోషిచ్ ముద్ర వైపు చూశాడు. సిరా ఆరిపోయింది. వుకోమాన్ సీసా కోసం చెయ్యి చాచాడు.

సాయంత్రం స్టానోయ్కా కాల్చిన పందిపిల్లతో బస్సు దిగింది. వెనకే ఇరవైమంది చుట్టాలు.

"వాడేడే?"

"లేడత్తయ్యా. పుట్టలేదు."

ఆవిడ పందిపిల్లను బల్ల మీద పెట్టింది. "పంది చల్లారిపోతుంది. కూర్చోండి," అంది.

పాటలు మొదలయ్యాయి. యెలిత్సా నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"రాదోష్, బిడ్డ నీకెప్పుడు కావాలి?"

"ఇన్నాళ్లూ నన్నడగలేదేం? నాకిప్పుడే కావాలి. నీకో?"

ఆమె చెయ్యి ఫోను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"నాకూ ఇప్పుడే. కుర్చీ ఎక్కడికీ పోదు."

మరుసటి మార్చిలో పాప పుట్టింది. రాదోష్ ముందుజాగ్రత్తగా పాత చొక్కా వేసుకుని గరాజీకి వెళ్లాడు. సాయంత్రం దాకా ఒక్కడూ చింపడానికి రాలేదు. యెలిత్సా ఈసారి ఫోటో పెట్టలేదు.