మీసమే రసీదు

పక్కింటి మునిలక్ష్మి చెప్పిందని భార్య ఆనందమ్మ చెప్పగా చెంగల్రాయుడికి తెలిసిన సంగతి ఇది. మునిలక్ష్మి అన్న తిరుపతిలో లాడ్జి రూముకు అడ్వాన్సు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని కొండెక్కాడట. ఆ తోపులాటలో రసీదు ఎవడో కొట్టేశాడట. ఈయన దిగివచ్చేలోపల వాడు లాడ్జికి పోయి, రసీదు చూపించి, అడ్వాన్సు తీసుకుని, పోతూ పోతూ ఈయన సబ్బు కూడా పట్టుకుపోయాడట.

"సబ్బు కూడానా?" అని చెంగల్రాయుడు రెండుసార్లు అడిగాడు. పూతలపట్టులో అతనికి ఎకరం చెరుకు తోట, ఊళ్లో ఇంకెవరికీ లేనంత మీసం ఉన్నాయి. చెరుకు మాట ఎలా ఉన్నా, మీసం మాత్రం ఏ యేడూ దిగుబడి తగ్గలేదు.

మర్నాడు తెల్లవారగానే మొగుడూ పెళ్లాం తిరుపతి బస్సెక్కారు. పోయినేడు అతనికి కామెర్లు వచ్చినప్పుడు ఆనందమ్మ మొక్కిన తలనీలాల మొక్కు తీర్చాలి. బస్టాండు పక్క సందులో లాడ్జి దొరికింది. మేనేజరు జయరావు తాళంచెవితో చెవి గోక్కుంటూ, పేపరు మీంచి తలెత్తకుండానే, "అడ్వాన్సు పెట్టు. రసీదు తీసుకో. నీళ్లు పొద్దున ఒక్కసారే వస్తాయి. రాకపోతే నన్నడగద్దు" అన్నాడు.

"రసీదు నాకొద్దప్పా. ఎవుడో కొట్టేస్తాడు. ఇదిగో, ఈ మీసం బాగా సూసి పెట్టుకో. ఇది వచ్చి అడిగితే అడ్వాన్సు ఇయ్యి. ఇది లేకుండా మా నాయన లేచొచ్చినా ఇయ్యొద్దు!"

జయరావు అప్పుడు తలెత్తాడు. మీసాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "సరే" అన్నాడు.

కొండమీద కల్యాణకట్టలో తల నున్నగా అయ్యాక కత్తి కిందికి దిగింది. చెంగల్రాయుడు రెండు చేతులతో మూతి మూసుకున్నాడు.

"ఇది మన రసీదమ్మే!"

"నేను మొక్కినప్పుడు మీసం వదిలిపెట్టి మొక్కలా. స్వామి దగ్గర బేరమాడతావా? చేతులు తియ్" అంది ఆనందమ్మ.

మీసం పోయిన చోట శనగగింజంత పుట్టుమచ్చ బయటపడింది. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆమె దాన్ని చూసి ఎరగదు. క్యూలో నిలబడినంతసేపూ దేవుడికోసం ఎంత తొంగి చూసిందో, మొగుడి మూతికేసీ అంతే తొంగి చూసింది.

మర్నాడు కిందికి దిగేసరికి కొంగున ఉన్నదంతా హుండీ పాలయింది. అడ్వాన్సు చేతికొస్తేనే బస్సు; లేకపోతే పూతలపట్టు దాకా నడకే.

"ఎవురు నువ్వు?" అన్నాడు జయరావు.

"నేనేప్పా, చెంగల్రాయుణ్ని. నిన్న మీసం సూపించినా కదా."

"ఏదీ?"

"కొండమీద ఇచ్చేసినా."

"అయితే అడ్వాన్సు కూడా ఆడనే అడుగు."

చెంగల్రాయుడు భార్యను ముందుకు తోశాడు. "ఇదిగో, నా పెండ్లాము. అడుగు!"

"ఏమ్మా, ఈయన నీ మొగుడేనా?"

"మొగుడే నాయనా. కాకపోతే నిన్నటిదాకా ఇట్లా లేడు. ఈ మచ్చ ఉండాదని ఇన్నేండ్లుగా నాకే చెప్పలా. ఇంకేమేం దాచినాడో!" అంది ఆనందమ్మ, మళ్లీ మచ్చకేసి చూస్తూ.

"వింటివా? ఇంట్లో మనిషికే నమ్మకం లేదు" అని జయరావు పేపరు తిప్పాడు.

చెంగల్రాయుడి అరుపులకు రూముల్లోంచి గుండ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అడ్వాన్సులు ఇచ్చేస్తున్నారనుకుని, కొండమీది అలవాటు కొద్దీ అందరూ చెంగల్రాయుడి వెనక వరుస కట్టారు.

"సూడు! ఇంతమంది చెంగల్రాయుళ్లకు నేను యాడ తెచ్చిచ్చేది?" అన్నాడు జయరావు.

సరిగ్గా అప్పుడే, చేతిసంచీతో ఒక మీసాలాయన గడప దాటి లోపలికి వచ్చాడు. జయరావు లేచి నిలబడి, సొరుగు లాగి నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"రాప్పా రా. ఇదిగో నీ అడ్వాన్సు. ఈ గుండాయన నీ దుడ్డు కోసం నా ప్రాణం తీస్తాండాడు."

వచ్చినాయన పేరు పెంచలయ్య. అప్పుడే బస్సు దిగాడు. నోట్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈడ రూము అడిగితే వాళ్లే మనకు దుడ్డిస్తారా?" అన్నాడు, నిజంగానే తెలుసుకుందామని.

"అది నాది సామీ!" అని చెంగల్రాయుడు లబలబలాడాడు. "ఏమప్పా జయరావూ, ఆయన మొగం యాడ, నా మొగం యాడ? కండ్లు కనపడవా?"

"మొగం నేనెందుకు సూస్తా? నువ్వు సూడమనింది మీసాన్నే కదా."

పెంచలయ్య సంచీ కింద పెట్టి, జరిగిందంతా అడిగి తెలుసుకున్నాడు. మచ్చ దగ్గరికి వంగి చూశాడు. ఇంత మచ్చ దాచుకున్న మనిషి అబద్ధం చెప్పడనుకున్నాడో ఏమో, నోట్లు చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు. తీరా బల్ల దగ్గరికి పోయాక తన మీసం మీద చెయ్యేసుకుని ఆగిపోయాడు.

"నేనూ గుండుకే వచ్చినా. రసీదు పోతాదంటారు, మీసం చెల్లదంటారు. మరి నా అడ్వాన్సు సంగతి ఎట్లప్పా?"

జయరావు కూర్చుని, తాళంచెవి మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు.

"ముందు పోయి గుండు కొట్టించుకోని రా. రూము ఆమీట ఇస్తా."